హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక మొదటి పది రోజులు: వైజాగ్‌లో ఆగాలా, రాయగడ వచ్చేయాలా?

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు మన తెలుగువాళ్లు నన్ను చూడగానే అడిగేది ఒకటే, గ్రాఫ్ట్‌కి, అంటే నాటే ఒక్కో కుదురుకి, ఎంత పడింది అని. నేను చేయించుకుని పద్నాలుగు నెలలైంది, జుట్టు బాగానే వచ్చింది, అందుకే అడుగుతున్నారు, తప్పులేదు. కానీ ధరతో మొదలుపెట్టినవాళ్లు తర్వాత ఇబ్బంది పడటం దగ్గర నుంచి చూశాను కాబట్టి చెప్తున్నా, ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆపరేషన్ అయ్యాక మొదటి పది రోజులు ఎక్కడ ఉంటారు, తల ఎవరు కడుగుతారు, రాత్రి పదింటికి రక్తం కారితే ఫోన్ ఎవరు ఎత్తుతారు? ఈ మూడింటికి జవాబు దొరికాకే ఏ ఊరు, ఏ పద్ధతి, ఎంత డబ్బు అన్నది చూసుకోండి.

పది రోజులే ఎందుకంటే, తల వెనక నుంచి తీసిన కుదుళ్లని ముందువైపు సన్నటి గాట్లు పెట్టి అందులో కూర్చోబెడతారు. వాటిని పట్టి ఉంచడానికి కుట్లు ఉండవు, గాటులో గడ్డకట్టిన రక్తమే ఆధారం. మొదటి రెండు మూడు రోజుల్లో వెంట్రుకని లాగితే కుదురుతో సహా వచ్చేస్తుంది. ఐదారు రోజుల దాకా గట్టిగా అంటుకున్న పక్కుని పీకినా అదే ప్రమాదం. తొమ్మిది పది రోజులయ్యాక మాత్రం చుట్టూ కండ పట్టేస్తుంది, అప్పుడు పక్కు రాలినా, దాంతో పాటు వెంట్రుక రాలినా కుదురు లోపలే ఉంటుంది. ఉభాలైన మడిలోకి పశువుని దిగనివ్వం కదా, మడి బతుకు తీసుకునేదాకా కాపలా కాస్తాం, ఇక్కడ కాపలా కాయాల్సింది ఆ పది రోజులే.

ఇప్పుడు ఊరి సంగతి. రాయగడ నుంచి మనకి ఉన్న దారులు మూడు. వైజాగ్ అయితే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైల్లో నాలుగైదు గంటలు. భువనేశ్వర్ అయితే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా. హైదరాబాద్ అయితే వైజాగ్ దాకానే ఒక పూట, అక్కణ్నుంచి ఇంకో రాత్రి. డాక్టర్ ఎంత మంచివాడన్నది అన్నిటికన్నా ముఖ్యమే, కానీ మూడు చోట్లా అంతే నమ్మకమైన డాక్టర్ దొరికితే నేను కళ్లు మూసుకుని దగ్గర ఊరే ఎంచుకుంటాను. ఎందుకంటే కడిగించుకోడానికి, వాపు చూపించుకోడానికి, కుట్లు ఉంటే తీయించుకోడానికి మళ్లీ వెళ్లాలి, దూరమైతే మనం వెళ్లం, ఫోన్లో అడిగి ఊరుకుంటాం. పర్లాకిమిడి వాళ్లకి శ్రీకాకుళం మీదుగా వైజాగే దగ్గర. బరంపురం వాళ్లకి మాత్రం లెక్క తిరగబడుతుంది, వాళ్లకి భువనేశ్వర్ మూడు గంటల్లో వస్తుంది, వైజాగ్ దానికన్నా దూరం. జయపురం, కొరాపుట్ వాళ్లు సాలూరు ఘాట్ దిగి వైజాగ్ వస్తారు, ఆ మలుపుల్లో మామూలు మనిషికే తల తిరుగుతుంది, ఆపరేషన్ అయిన మర్నాడే ఆ దారి ఎక్కొద్దు.

భాష గురించి ఎవరూ అనుకోరు గానీ అది కూడా చూడాలి. మనం ఒడియాలో మాట్లాడతాం, బజారు పనీ ఆఫీసు పనీ జరిగిపోతాయి, కానీ ఇంట్లో తల కడిగేది అమ్మో భార్యో. వాళ్లు చదవగలిగే భాషలో జాగ్రత్తల కాగితం ఉందా? మా అమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు. నేను వైజాగ్ ఎంచుకోడానికి అదొక పెద్ద కారణం, అక్కడి నర్సు అమ్మకి ఫోన్లో తెలుగులో పూసగుచ్చినట్టు చెప్పింది.

మా బావమరిది ఇలాంటివేవీ చూసుకోలేదు. ధర తక్కువని దూరపు నగరంలో ప్యాకేజీ మాట్లాడుకున్నాడు, ఆ ప్యాకేజీలో లాడ్జి ఒక్క రాత్రే. రెండో రోజు సాయంత్రమే రైలెక్కాడు, దొరికింది పై బెర్తు, ఎక్కుతూ నెత్తి పైకప్పుకి కొట్టుకుంది. ముందు భాగంలో ఒకచోట రక్తం కారింది, క్లినిక్‌కి ఫోన్ చేస్తే రాత్రంతా ఎవరూ ఎత్తలేదు, ఏం చేయాలో తెలియక తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు. తుడవడమే అక్కడ జరిగిన అసలు నష్టం. రక్తం కారితే శుభ్రమైన గాజుగుడ్డ మెత్తగా అదిమి పది పదిహేను నిమిషాలు కదపకుండా పట్టుకోవాలి, రుద్దకూడదు, ఊడిన కుదురు కనిపిస్తే మళ్లీ మనమే పెట్టే ప్రయత్నం చేయకూడదు. ఈ రెండు వాక్యాలు వాడికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

కాబట్టి అక్కడ ఎన్నాళ్లు ఆగాలి? ఆపరేషన్ రోజే ఇంటికి వచ్చేయడం, నాలుగు రాత్రులు ఆగడం, పది రోజులూ ఉండిపోవడం, ఈ మూడింట్లో నా ఓటు నాలుగు రాత్రులకి. మొదటి వాష్ క్లినిక్‌లోనే చేయించుకోవచ్చు, అది మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఉంటుంది, కొందరు మూడో రోజు చేస్తారు. నుదుటి వాపు కూడా ఆ లోపే బయటపడుతుంది. పది రోజులు లాడ్జిలో ఉండటం డబ్బుకీ దండగ, మనసుకీ విసుగు, పైగా బయటి తిండి. లాడ్జి కన్నా చుట్టాలిల్లు మేలు, కానీ చిన్నపిల్లలున్న ఇల్లైతే ఆలోచించండి, ప్రేమగా మీద పడతారు, చేయి తలకే తగులుతుంది. నేను విజయనగరంలో పిన్ని ఇంట్లో ఉన్నాను, క్లినిక్‌కి గంట దూరం. నన్ను చూడగానే పిన్ని "ఏట్రా, నెత్తి మీద ఆవాలు చల్లినట్టుంది, నొప్పి లేదా?" అని కంగారు పడింది, కానీ ఆ నాలుగు రోజులూ వేళకి మాత్రలిచ్చి, మధ్యాహ్నం గది తలుపు వేసి ఎవర్నీ రానివ్వకుండా చూసుకుంది.

తిరుగు ప్రయాణానికి పగటి రైలే మంచిది, కూర్చుని రావచ్చు. రాత్రి బండి తప్పదంటే కింది బెర్తు తీసుకోండి, అందులోనూ మధ్య బెర్తు ఎత్తి వేసి ఉన్నప్పుడు లేచి కూర్చుంటే తల తగులుతుందని గుర్తుపెట్టుకోండి. బస్సులో పైన సామాన్ల అర, కారులో తలుపు పైఅంచు. ఈ కారు తలుపు దగ్గర తల జాగ్రత్త, ఎక్కేటప్పుడే కాదు, ఊరొచ్చేసిందన్న హడావుడిలో దిగేటప్పుడు కూడా. చొక్కా గుండీలది వేసుకోండి, టీషర్టు వద్దు, తల మీంచి లాగేది ఏదీ పది రోజులు వద్దు.

ఇక పద్ధతి. ఎఫ్‌యూఈ, ఎఫ్‌యూటీ అని రెండు ముఖ్యమైనవి. నాటే చోట మానడం రెండింట్లోనూ దాదాపు ఒకటే, తేడా అంతా తీసే చోట, అంటే తల వెనక. ఎఫ్‌యూఈలో మిల్లీమీటరు కన్నా చిన్న గుండ్రటి పంచ్‌తో ఒక్కో కుదురునీ విడిగా తీస్తారు, కుట్లు ఉండవు, వారం పది రోజుల్లో పైకి మానిపోతుంది, తర్వాత సన్నటి తెల్లచుక్కలు మిగులుతాయి. ఎఫ్‌యూటీలో వెనక నుంచి ఒక పట్టీలాగా చర్మం తీసి కుట్టేస్తారు, ఆ కుట్లు పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య తీయాలి, గీతలాంటి మచ్చ ఉండిపోతుంది, మెడ వంచినప్పుడు కొన్ని వారాలు లాగుతుంది. బరువులెత్తితే ఆ మచ్చ సాగి వెడల్పు అయ్యే అవకాశం ఉంది.

మన పనులకి ఏది నప్పుతుంది? కిరాణా గోడౌన్‌లో బస్తాలు మోసేవాళ్లు, పొలం పనికి వెళ్లేవాళ్లు, జుట్టు బాగా కురచగా కత్తిరించుకునే అలవాటు ఉన్నవాళ్లు ఎఫ్‌యూఈ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. జుట్టు పొడుగ్గా ఉంచుకునేవాళ్లు, వెనక గొరిగించుకోవడం ఇష్టం లేనివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎఫ్‌యూటీ గురించి డాక్టర్‌ని అడగొచ్చు, మచ్చ జుట్టు కింద దాక్కుంటుంది. కుట్లు తీయడానికి మళ్లీ వైజాగ్ వెళ్లక్కర్లేకుండా మన ఊరి సర్జన్ తీస్తారేమో ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోండి, అయ్యాక వెతుక్కుంటే టెన్షన్.

సఫైర్ అనీ డీహెచ్ఐ అనీ ఇంకేవో పేర్లు చెప్పి రేటు పెంచుతారు. సఫైర్ అంటే గాటు పెట్టే బ్లేడు రకం, డీహెచ్ఐ అంటే పెన్ను లాంటి పరికరంతో నాటడం. వాటివల్ల గాయం సగం రోజుల్లో మానిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, చేసే చెయ్యే ముఖ్యం. ఆ చెయ్యి ఎవరిదో సూటిగా అడగండి. జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబర్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తగిన శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టరే చేయాలి, ప్లాస్టిక్ సర్జరీ గానీ డెర్మటాలజీ గానీ చదివినవాళ్లు, టెక్నీషియన్లు వాళ్ల పర్యవేక్షణలో సాయం చేయడం వరకే. డాక్టర్ పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ అడిగితే ముఖం చిట్లించే చోటు నుంచి లేచి వచ్చేయండి.

తల కడగడం దగ్గరే ఎక్కువమంది భయపడి రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ఊడిపోతాయని అసలు కడగకుండా వదిలేస్తే పక్కులు మందంగా పేరుకుని, దురద పెట్టి, కింద చీము పట్టొచ్చు. గట్టిగా కడిగితే కుదుళ్లే పోతాయి. షవర్, చెంబు, స్ప్రే, ఈ మూడింట్లో మొదటి పది రోజులూ చెంబే సరైనది, అది కూడా చిన్న మగ్గు. షవర్ ధార నేరుగా నాటిన చోట పడకూడదు. బేబీ షాంపూ గానీ క్లినిక్ ఇచ్చినది గానీ చేతిలో నురగ చేసుకుని ఆ నురగని తల మీద ఉంచాలి, వేళ్లతో రుద్దకూడదు, రెండు మూడు నిమిషాలు ఆగి గోరువెచ్చని నీళ్లు పక్క నుంచి మెల్లగా పోయాలి. తుడవడం లేదు, గాలికి ఆరనివ్వడమే. వెనకవైపు మెత్తని గుడ్డతో అద్దుకోవచ్చు. ఏడెనిమిది రోజులు దాటి డాక్టర్ సరే అన్నాక, పక్కులు నానబెట్టి వేలి కొసలతో, గోరు తగలకుండా, చిన్నగా గుండ్రంగా తిప్పితే వాటంతటవే వస్తాయి. రెండు వారాలకి తల శుభ్రపడుతుంది.

నేను చేసిన మంచి పని ఒకటుంది. క్లినిక్‌లో మొదటి వాష్‌ని నర్సు అనుమతితో ఫోన్లో వీడియో తీయించాను. ఇంటికొచ్చాక అమ్మ రోజూ అది ఒకసారి చూసి అప్పుడు చెంబు పట్టుకునేది. మీరూ తీయించండి.

నీళ్లు మన వైపు చాలా ఇళ్లలో బోరువే, కొన్ని చోట్ల ఇనుము వాసన, ఎర్ర మడ్డి. పది రోజులకి ఫిల్టర్ నీళ్లో కాచి చల్లార్చినవో వాడుకుంటే పోయేదేం లేదు. నాగావళిలో స్నానం, చెరువు, స్విమ్మింగ్ పూల్, నెల దాకా మర్చిపోండి.

స్ప్రే విషయానికి వస్తే, మొదటి కొన్ని రోజులు నాటిన చోట తడి ఆరకుండా ఉంచమంటారు. కొన్ని చోట్ల దీనికి ఖరీదైన సీసాలు అంటగడతారు. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్, అంటే సున్నా పాయింట్ తొమ్మిది శాతం ఉప్పునీళ్లు, శుభ్రమైన స్ప్రే సీసాలో పోసుకుంటే చాలామందికి సరిపోతుంది, డాక్టర్‌ని అడిగి అదే వాడండి. తెరిచిన సీసా రోజుల తరబడి ఉంచకండి, చిన్న సీసాలు కొని రోజూ కొత్తది తెరవండి. దురదకి కూడా ఇదే మందు, గోకడం బదులు స్ప్రే.

పడుకోవడం. మొదటి నాలుగైదు రాత్రులు తల ఎత్తులో, ముప్పై నలభై డిగ్రీల వాలులో ఉండాలి, వెల్లకిలా. రెండు దిండ్లు వేసుకుంటే నిద్రలో జారిపోతాం. ప్రయాణంలో వాడే మెడ దిండు బాగుంటుంది, వెనక గాయానికి పరుపు తగలదు. కానీ నాకు అన్నిటికన్నా హాయిగా అనిపించింది మా తాత పడక కుర్చీ, పక్కకి దొర్లే వీలే ఉండదు. దోమతెర కట్టుకోవాల్సిందే, మనది మలేరియా ఉన్న ప్రాంతం, కానీ తెర ఎత్తుగా కట్టండి, లోపలికి దూరేటప్పుడు ఇంకొకరు ఎత్తి పట్టుకోవాలి.

రెండో రోజు నుంచి నుదురు ఉబ్బి, మూడు నాలుగు రోజులకి వాపు కళ్ల దాకా దిగితే భయపడకండి. లోపలికి ఎక్కించిన మత్తుమందు, సెలైన్ కిందికి జారడం దీనికి పెద్ద కారణం. వారం లోపు తగ్గుతుంది. ఐస్ నుదుటి మీద పెట్టొచ్చు, నాటిన చోట పెట్టకూడదు.

తల కప్పుకోడానికి టోపీ, తువ్వాలు, గొడుగు ఉన్నాయి. ఎండలో మనకి తువ్వాలు చుట్టుకోవడం అలవాటు, ఇక్కడ అది పనికిరాదు, ఒరుసుకుంటుంది, నూలు పోగు పక్కుకి చిక్కుకుంటుంది. వదులు టోపీ డాక్టర్ ఒప్పుకున్నాకే. గొడుగు మాత్రం మొదటి రోజు నుంచీ వాడొచ్చు, తలకి తగలదు, ఎండా పడదు, వానా పడదు, బజారులో ఎవరూ వింతగా చూడరు. నెల పాటు నేరుగా ఎండ తగలనివ్వకండి. హెల్మెట్ రెండు మూడు వారాలు వద్దు, డాక్టర్ ఇంకా ఎక్కువ చెప్తే అదే వినండి. అంటే ఆ రోజులు బండి నడపడమే మానేయాలి, హెల్మెట్ లేకుండా నడపమని కాదు, ఆటోలో వెళ్లండి. అందుకే సెలవు పది రోజులు పెట్టేవాళ్లు ఆఫీసుకి ఎలా వెళ్తారో కూడా ముందే చూసుకోవాలి. కాలం విషయంలో నేను నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య చేయించుకోమంటాను, చెమట తక్కువ, వానలో తడిసే గొడవ లేదు.

ఇంట్లో పెద్దవాళ్లు పసుపు రాస్తాం, ఆముదం పెడతాం, కొబ్బరినూనె అంటితే చల్లగా ఉంటుంది అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ పచ్చి గాయం మీద ఇవేవీ వద్దు. నూనె కనీసం నెల తర్వాత, డాక్టర్‌ని అడిగి.

పొగాకు గురించి కొంచెం గట్టిగా చెప్తా. సిగరెట్ మానేశాం కదా అనుకుని గుట్కా, ఖైనీ వేసుకునేవాళ్లున్నారు, పొద్దున్నే గుడాఖుతో పళ్లు తోముకునేవాళ్లు అది పొగాకే అని లెక్కే పెట్టరు. నికోటిన్ ఏ దారిన లోపలికి వెళ్లినా రక్తనాళాల్ని కుంచింపజేస్తుంది, కొత్త కుదురు బతికేది ఆ రక్తం మీదే. ఆపరేషన్‌కి రెండు వారాల ముందు, తర్వాత కనీసం మరో రెండు వారాలు అన్నీ మానండి. మద్యం కూడా అంతే. గుండెకీ బీపీకీ రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టర్‌నే అడగాలి.

ఫోన్ కాకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సినవి కొన్ని. నాటిన చోట మచ్చలాగా నల్లబడటం, రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరగడం, చీము, దుర్వాసన, జ్వరం, అదిమి పట్టినా ఆగని రక్తం. క్లినిక్ దూరమని ఆగకండి, రాయగడ జిల్లా ఆసుపత్రికో, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, కొరాపుట్ మెడికల్ కాలేజీకో ఏది దగ్గరైతే అక్కడికి ఆ రోజే వెళ్లండి. కొన్ని వారాల తర్వాత ఒకటో రెండో చిన్న గుల్లలు రావడం, నెత్తి మొద్దుబారినట్టు ఉండటం మామూలే, ఆ మొద్దుతనం పోవడానికి కొన్ని నెలలు పట్టొచ్చు.

పెళ్లి కోసం చేయించుకునేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. నాటిన జుట్టు రెండు వారాల నుంచి రెండు నెలల లోపు చాలావరకు రాలిపోతుంది. పాడైందని కాదు, కుదురు లోపల ఉండి విశ్రాంతి తీసుకుంటుంది, మూడు నాలుగు నెలలకి సన్నగా మొలుస్తుంది, ఆరు నెలలకి తెలుస్తుంది, ఏడాదికి నిండుతుంది, నడినెత్తికి ఏడాదిన్నర పట్టొచ్చు. మాఘంలో ముహూర్తం పెట్టుకుని కార్తీకంలో చేయించుకుంటే పెళ్లి ఫొటోల్లో ముందుకన్నా పలచగా కనిపిస్తారు. ఏడాది ముందు చేయించుకోండి, లేదా పెళ్లయ్యాక.

తర్వాత వాడేవాటిలో మినాక్సిడిల్, ఫినాస్టరైడ్, పీఆర్పీ అని మూడు చెప్తారు. మగవాళ్లలో, నాటిన జుట్టు కాదు, పక్కనున్న పాత జుట్టు నిలబడాలంటే ఫినాస్టరైడ్ మాత్రకి ఆధారాలు బలంగా ఉన్నాయి, కానీ కొందరికి లైంగిక సమస్యలు రావచ్చు కాబట్టి డాక్టర్‌తో సిగ్గుపడకుండా మాట్లాడే మొదలుపెట్టాలి, గర్భిణులు ఆ మాత్రని పొడిగానో విరిగిన ముక్కగానో తాకకూడదు. మినాక్సిడిల్, అంటే తలకి రాసే మందు, పక్కులు పోయి గాయం మానాకే, వాడినన్నాళ్లే ఫలితం. పీఆర్పీ మన రక్తం నుంచే తీసి ఎక్కించేది, ఫలితం మనిషి మనిషికీ మారుతుంది, ఖర్చు ఎక్కువ. డబ్బు కొద్దిగానే ఉంటే నేను దాన్ని చివర పెడతాను, ఆ డబ్బుతో నాలుగు రాత్రులు అక్కడ ఆగుతాను.

ఇంకో మాట, సింహాచలంలోనో తిరుపతిలోనో తలనీలాల మొక్కు ఉంటే ఆపరేషన్‌కి ముందే తీర్చేసుకోండి, కుదరకపోతే ఏడాది వాయిదా వేసుకుని, అప్పుడు కూడా కత్తి పెట్టించే ముందు డాక్టర్‌కి ఒకసారి చూపించండి.